శ్రవ్యగ్రంథము - రచయిత హక్కు

పురాణపఠనము, హరికథ, బుర్రకథల వలన సాహిత్యమును చెవితో ఆస్వాదించుట తెలుగువారికి చిరకాలపు అలవాటు. ఫోనులో వినిపించు శ్రవ్యగ్రంథము శ్రోతకు వింత కాదు. రచయితకు మాత్రము క్రొత్త ప్రశ్న. ముద్రణకై వ్రాసియిచ్చిన ఒప్పందములో శ్రవ్యహక్కు కూడ చేరినదా?

1957 నాటి కాపీరైటు చట్టమునకు 2012లో జరిగిన సవరణ ప్రకారము, ఒప్పందమునాటికి వాణిజ్యపు వాడుకలో లేని మాధ్యమమునకు, పత్రమున ప్రత్యేకముగ పేర్కొననిదే, హక్కు సంక్రమించదు. కాని శ్రవ్యగ్రంథము నేడు వాడుకలోనిదే. కనుక క్రొత్త ఒప్పందములకు ఈ రక్షణ చాలదు. ముద్రణ, ఈ-పుస్తకము, శ్రవ్యము - మూడింటిని వేరువేరుగ వ్రాసికొనవలెను.

కాలము పేర్కొననిచో ఐదేండ్లనియు, ప్రదేశము పేర్కొననిచో భారతదేశమునకే పరిమితమనియు చట్టము భావించును. పొందిన హక్కును ఏడాదిలోగా వినియోగింపనిచో, పత్రమున వేరు నియమము లేనప్పుడు, ఆ హక్కు తొలగిపోవును. 'సర్వహక్కులు' అను మాట క్రింద సంతకము చేయుటకు పూర్వము రచయిత ఈ నియమములను చూచుకొనుట మేలు.