ఒక్క పగటికి బందరు: తార్నాక నుంచి రైల్లో వెళ్లి రావడం ఎలా

తార్నాకలో ఉండేవాళ్లకు సముద్రం చూడాలనిపిస్తే ముందు గుర్తొచ్చేది విశాఖ. సెలవు ఒక్కటే రోజు ఉంటే మాత్రం విశాఖ కుదరదు. రైల్లో అది దాదాపు 700 కిలోమీటర్ల దారి. సికింద్రాబాద్ నుంచి వందేభారత్ ఎక్కినా ఎనిమిదిన్నర గంటలు కూర్చోవాల్సిందే. చేరేసరికి రోజులో చాలా భాగం గడిచిపోతుంది. అక్కడ గది తీసుకుంటే అది ఒక్క రోజు ప్రయాణం కాదు, ఖర్చూ ఒక్క రోజు ఖర్చు కాదు. పిల్లల స్కూలు, ఉస్మానియాలో చదివే పెద్దవాడి క్లాసులు, అబ్బా డ్యూటీ అన్నీ చూసుకుని ఒక్క ఆదివారం మాత్రమే దొరికే ఇళ్లకు మచిలీపట్నం నయం. రాత్రి రైలెక్కి పడుకుంటే తెల్లారి బందరులో దిగొచ్చు. పగలంతా తిరిగి మళ్లీ రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి ఇంటికి చేరొచ్చు. గది అద్దె ఉండదు.

బందరు ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒకప్పుడు అది హైదరాబాద్ రేవే. ఫార్సీలో బందర్ అంటే ఓడరేవు, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌లో ఉన్న మాటే ఇది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ వజ్రాలు, తీరంలోని అద్దకం బట్టలు ఇక్కడి నుంచే ఓడలెక్కేవి. 17వ శతాబ్దంలో ఇక్కడి ఓడలు ఎర్రసముద్రం రేవులకు సరుకుతోపాటు హజ్‌కు వెళ్లేవాళ్లనూ మోసుకెళ్లేవి. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి కొఠీలు పెట్టుకున్నారు. ఫ్రెంచ్ నగల వర్తకుడు తావెర్నియె 1652లో బందర్ అబ్బాస్ నుంచి ఇక్కడికి వచ్చింది గోల్కొండ సుల్తాను ఓడలోనే. ఆసఫ్‌జాహీల కాలంలో రేవు ఫ్రెంచివాళ్ల చేతికి పోయింది. 1759లో ఇంగ్లీషువాళ్లు దాన్ని యుద్ధం చేసి లాక్కున్నారు. అంతటితో హైదరాబాద్‌కు సముద్రం దూరమైంది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టేనాటికి నిజాం రాజ్యానికి సొంత రేవంటూ ఒక్కటీ లేదు. ఆర్ట్స్ కాలేజీలో హిస్టరీ చదివే పిల్లలకు పరీక్షలో వచ్చే ప్రశ్నే ఇది. అక్కడికి వెళ్లి చూస్తే ఇంకా బాగా గుర్తుంటుంది.

ముందు తిరుగు టికెట్

చాలా ఇళ్లలో ప్లాన్ చెడేది ఇక్కడే. వెళ్లే టికెట్ దొరకగానే సంబరపడి, తిరుగు టికెట్ తర్వాత చూద్దాంలే అనుకుంటారు. ఆదివారం రాత్రి హైదరాబాద్ వచ్చే రైళ్లకు ఆంధ్రా వైపు నుంచి ఉండే రద్దీ అందరికీ తెలిసిందే. సోమవారం ఉద్యోగాలకు, కాలేజీలకు తిరిగొచ్చేవాళ్లంతా ఆ రాత్రే ఎక్కుతారు. అందుకే తిరుగు టికెట్ కన్‌ఫర్మ్ అయ్యాకే వెళ్లే టికెట్ చూసుకోవాలి. రెండూ ఒకే సిట్టింగ్‌లో బుక్ చేస్తే మరీ మంచిది. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. తిరుగు తేదీకి ఆ లెక్క ఒక రోజు ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి ఆ రోజు దాకా ఆగి రెండూ కలిపి తీసుకోవచ్చు. ఇంట్లో వీలుంటే శనివారం పగలు చూసుకుని ఆదివారం పొద్దున దిగేలా పెట్టుకోవచ్చు, అప్పుడు రద్దీ కాస్త తక్కువ.

ఆన్‌లైన్‌లో తీసుకున్న టికెట్ చార్టు వేశాక కూడా పూర్తిగా వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోతే అది దానంతటదే రద్దవుతుంది, డబ్బు వెనక్కి వస్తుంది. కానీ ఆ టికెట్‌తో రైలెక్కకూడదు. దాదీని, చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని బందరు స్టేషన్‌లో రాత్రిపూట ఈ సంగతి తెలుసుకోవడం కంటే నెల ముందు ఇంట్లో తెలుసుకోవడం మేలు. తత్కాల్ మీద ఆశ పెట్టుకుంటే అది ప్రయాణానికి ముందు రోజు ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు తెరుచుకుంటుంది. 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ కలిపే పని ముందే పూర్తి చేసి ఉంచుకోవాలి. ఆ ఉదయం పది గంటలకు ఓటీపీ కోసం అమ్మీ ఫోన్ ఎక్కడుందో వెతుక్కుంటుంటే సీట్లు అయిపోతాయి.

లెక్క వేసేటప్పుడు పిల్లల టికెట్ దగ్గర పొరపాటు జరుగుతుంటుంది. ఐదేళ్లలోపు పిల్లలకు, విడిగా బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండేళ్లలోపువాళ్లకు బెర్తు వద్దంటే సగం ఛార్జీ, కావాలంటే పూర్తి ఛార్జీ. ఇది రాత్రి ప్రయాణం, అదీ వరసగా రెండు రాత్రులు. పదేళ్ల పిల్లాడిని పక్కలో సర్దుకుని పడుకుంటామని సగం టికెట్ తీసుకుంటే తెల్లారి ఇద్దరికీ నిద్ర ఉండదు, బందరులో పగలంతా చిరాకే. పెద్దలకు ఉన్న రాయితీ 2020లో ఆగిపోయింది, దాన్ని లెక్కలో వేసుకోవద్దు. లోయర్ బెర్తు వసతి మాత్రం ఉంది. 60 ఏళ్లు దాటిన మగవాళ్లకు, 45 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు, గర్భిణులకు ఖాళీ ఉంటే కింది బెర్తు కేటాయిస్తారు. టికెట్‌లో వయసు సరిగ్గా రాయాలి. పెద్ద గుంపును ఒకే టికెట్‌పై ఎక్కిస్తే ఈ కోటా దొరకడం కష్టం. నానీకి, దాదీకి విడిగా ఇద్దరి పేరు మీద ఒక టికెట్ తీసుకునేవాళ్లు అందుకే తీసుకుంటారు.

రైలు సికింద్రాబాద్‌కే వస్తుందా?

హైదరాబాద్ వైపు నుంచి మచిలీపట్నానికి నేరుగా వెళ్లే ముఖ్యమైన రైలు బీదర్–మచిలీపట్నం సూపర్‌ఫాస్ట్, నంబరు 12750. తిరుగు రైలు 12749. కాజీపేట, వరంగల్, విజయవాడ, గుడివాడ మీదుగా వెళ్తుంది. సికింద్రాబాద్ స్టేషన్ పాత భవనాన్ని 2025లో కూల్చి కొత్తది కట్టడం మొదలుపెట్టాక చాలా రైళ్లను చర్లపల్లికి మార్చారు. చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. ఏ రైలు ఎప్పుడు ఎక్కడ ఆగుతుందన్నది మారుతోంది కాబట్టి పాత అలవాటు మీద బయలుదేరకూడదు. టికెట్ మీద ఎక్కే స్టేషన్ పేరు చదవాలి. బయలుదేరే రోజు సాయంత్రం 139కి ఫోన్ చేసి లేదా రైల్వే యాప్‌లో చూసి మళ్లీ ఒకసారి నిర్ధారించుకోవాలి.

తార్నాక వాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. సికింద్రాబాద్ అయితే తార్నాక మెట్రో ఎక్కి, మెట్టుగూడ దాటి సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగితే సరి, రెండే స్టేషన్లు. క్యాంపస్ హాస్టల్‌లో ఉండే పిల్లలకు ఆర్ట్స్ కాలేజీ ఎంఎంటీఎస్ స్టేషన్ దగ్గరే. సీతాఫల్‌మండి తర్వాత వచ్చేది సికింద్రాబాదే. కాకపోతే రాత్రిపూట ఎంఎంటీఎస్‌ను నమ్ముకుని దూరప్రయాణం పెట్టుకోకూడదు. చర్లపల్లికి మెట్రో లేదు. నాచారం, మల్లాపూర్ మీదుగా ఆటో గానీ క్యాబ్ గానీ పట్టుకోవాలి. రాత్రివేళ క్యాబ్ దొరకడం, సామాను, పెద్దవాళ్లు అన్నీ లెక్కేసుకుంటే గంటన్నర ముందు ఇల్లు వదలాలి. తెల్లవారుజామున తిరిగొచ్చేటప్పుడూ అంతే. మెట్రో ఉదయం 6 గంటలకు గానీ మొదలవదు.

నేరుగా వెళ్లే రైల్లో బెర్తులు దొరకకపోతే ప్రయాణం మానుకోనక్కర్లేదు. విజయవాడకు రాత్రి రైళ్లు చాలా ఉన్నాయి. విజయవాడ నుంచి బందరు 70 కిలోమీటర్లే, ఆర్టీసీ బస్సులు తరచూ ఉంటాయి, సుమారు రెండు గంటలు. తిరుగు దారిలో మాత్రం విజయవాడ చేరడానికి మూడు గంటలు చేతిలో పెట్టుకోవాలి.

నమాజు సంగతి కూడా ముందే అనుకుంటే గాభరా ఉండదు. హనఫీ ఉలమా చెప్పే సుమారు 78 కిలోమీటర్ల హద్దును ఈ దారి ఎప్పుడో దాటేస్తుంది, కాబట్టి ఇది ఖస్ర్ ప్రయాణమే. ఇషా ఇంట్లోనే పూర్తిగా చదువుకుని బయలుదేరొచ్చు. ఫజ్ర్ రైల్లోనే వస్తుంది. ఫోన్‌లో అలారం, ఖిబ్లా చూపే యాప్, వుజూకు ఒక నీళ్ల సీసా బ్యాగులో పైనే ఉంచుకోవాలి. బందరులో జుహర్, అసర్, ఇషా విడిగా చదివితే రెండేసి రకాతులు, స్థానిక ఇమాం వెనుక చదివితే పూర్తిగా. ఫజ్ర్, మగ్రిబ్ ఎప్పటిలాగే. మిగతా సందేహాలు మొహల్లా ఇమాం సాబ్‌ను అడిగి వెళ్లడం మంచిది.

బందరులో పగలు

దిగగానే స్టేషన్ వెయిటింగ్ హాల్లో ముఖాలు కడుక్కుని ముందు సముద్రానికి వెళ్లాలి. మంగినపూడి బీచ్ ఊరికి 11 కిలోమీటర్ల దూరం. బస్సులున్నాయి గానీ కుటుంబంతో వెళ్తే రోజంతటికీ ఒక ఆటో మాట్లాడుకోవడమే సుఖం, ఏయే చోట్లకు వెళ్లాలో, ఎన్ని గంటలకు వదలాలో ముందే చెప్పి. ఎండెక్కాక ఆ తీరంలో పెద్దవాళ్లు ఉండలేరు. విశాఖ లాంటి నీలి నీళ్లను, తెల్ల ఇసుకను ఊహించుకోవద్దు. ఇక్కడ నీళ్లలో బురద, నల్లమట్టి ఎక్కువ. లోతు చాలా దూరం వరకు తక్కువగానే కనిపిస్తుంది, పిల్లల్ని మోసం చేసేది అదే. మోకాళ్ల లోతు దాటనివ్వకూడదు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ తీరంలోనూ ప్రాణాలు తీసింది.

రేవు చూద్దామని వెళ్లిన పిల్లలు ‘ఓడలేవి?’ అని అడుగుతారు. జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి. 1864 నవంబరు 1 రాత్రి తుపానుకు సముద్రం ఊరి మీదికి వచ్చి దాదాపు 30 వేల మంది చనిపోయారు. ఆ దెబ్బ, ఏటా పేరుకునే ఒండ్రు, వేరే రేవులకు పెరిగిన రైళ్లు కలిసి బందరు వ్యాపారాన్ని కుంగదీశాయి. కొత్త పోర్టు పనులు తపసిపూడి దగ్గర 2023 మేలో మొదలయ్యాయి, అది కట్టుబడి స్థలం, విహారస్థలం కాదు. పడవలు చూడాలంటే గిలకలదిండి చేపల రేవుకు వెళ్లాలి. పొద్దున వేళ చేపలు దించడం చూస్తే పిల్లలకు అదే పెద్ద తమాషా.

బందరులో డచ్చివాళ్ల సమాధులున్నాయి. రాతి పలకల మీద కుటుంబ చిహ్నాలు, డచ్చి అక్షరాలు చెక్కి ఉంటాయి. ఇంటి నుంచి నెలల దూరంలో వచ్చి ఇక్కడే ఆగిపోయిన వర్తకులు వాళ్లు. అరగంట చాలు. కామర్స్ చదివే పిల్లలుంటే ఇంకో మాట చెప్పొచ్చు: 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకును మొదలుపెట్టింది ఈ ఊళ్లోనే. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర, మాంసం గురించి అనుమానం ఉంటే చేపల పులుసు అన్నం తినేయడమే. బందరులో చేపకు కొరత లేదు.

జుహర్ తర్వాత ఎక్కువ సమయం పెడనకు ఇవ్వాలి. మచిలీపట్నానికి పది కిలోమీటర్ల చిల్లర దూరంలో ఉన్న ఈ ఊరు కలంకారీ అద్దకానికి పేరు. కలం, కారీ రెండూ ఫార్సీ మాటలే. శ్రీకాళహస్తిలో కలంతో బొమ్మ గీస్తారు, ఇక్కడ చెక్క అచ్చుతో అద్దుతారు. ముందు బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతారు. ఇనుప తుక్కును బెల్లం నీళ్లలో పులియబెడితే నలుపు వస్తుంది. పటిక అద్ది, ఆపై రంగువేళ్లతో ఉడికిస్తే ఎరుపు తేలుతుంది. కడగడం, ఆరబెట్టడం ఎన్నోసార్లు. ఇరాన్ మార్కెట్ కోసం ఈ తీరంలో మెహ్రాబ్ ఆకారం అద్దిన జానమాజులు, గోడ తెరలు తయారయ్యేవి. సర్వ్ చెట్లు, గులాబీ తీగలు ఈ నమూనాల్లోకి వచ్చింది ఆ బేరం వల్లే. ఇవాళ బజారులో కలంకారీ పేరుతో దొరికే చాలా బట్ట స్క్రీన్ ప్రింటు, రసాయన రంగు. అచ్చు అద్దకంలో ఒక పువ్వుకూ దాని పక్క పువ్వుకూ సన్నటి తేడా ఉంటుంది, అంచు కలిసే చోట కొంచెం ఎడం కనిపిస్తుంది. అన్నీ ఒకేలా ఉంటే అనుమానించాలి. ఆదివారం వెళ్లేవాళ్లు అద్దకం పని నడుస్తుందో లేదో ముందే ఎవరినైనా అడిగి తెలుసుకోవాలి, లేకపోతే దుకాణం మాత్రమే చూసి రావాల్సొస్తుంది.

సాయంత్రం ఊళ్లోకి వచ్చి బందరు లడ్డూ, హల్వా తీసుకోవచ్చు. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగల కోసం ఖాలా, చాచీ తప్పకుండా ఆగుతారు, దానికి గంట కేటాయించకపోతే గొడవే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ ప్రయాణానికి మంచి కాలం. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉంటే టికెట్ రద్దు చేసుకోవాలి. ఎంత ముందు రద్దు చేస్తే కోత అంత తక్కువ.

రైలు టైముకు గంట ముందే స్టేషన్‌లో ఉండాలి. మగ్రిబ్, ఇషా బందరులోనే చదువుకుంటే రాత్రి బెర్తు మీద నిద్రకు అడ్డుండదు. మచిలీపట్నం ఆ రైలుకు మొదటి స్టేషన్ కాబట్టి సామాను సర్దుకుని పెద్దవాళ్లను కింది బెర్తుల్లో పడుకోబెట్టడానికి తొందరపడనక్కర్లేదు. తెల్లారి దిగాల్సిన స్టేషన్ సికింద్రాబాదో, చర్లపల్లో ఆ టికెట్ మీద మరొక్కసారి చూసుకుని, దానికి పావుగంట ముందు మోగేలా అలారం పెట్టుకోవాలి. ఆ రైలు అక్కడితో ఆగదు, బీదర్ దాకా వెళ్తుంది.