తల ఊపితే తుడుము మోగుతుంది.. దివ్యాంగ పిల్లలకు బడిలో ఈ అవకాశం ఎలా?

అరకు వెళ్లినవాళ్లలో థింసా చూడకుండా వచ్చేవాళ్లు తక్కువ. మీ ఫోన్‌లోనూ ఒక వీడియో ఉండే ఉంటుంది. ఈసారి అందులో వాయిద్యాలు వాయించేవాళ్లను గమనించండి. తుడుముకు పుల్లలు పట్టే చేతులు కావాలి. మోరి ఊదాలంటే ఊపిరితో పాటు వేళ్లు కూడా మాట వినాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు, కండరాల క్షీణత ఉన్నవాళ్లకు ఇది కష్టం. ఆగస్టు 9న బడిలో ఆదివాసీ దినోత్సవం చేస్తే వాళ్లకు మిగిలేది చప్పట్లు కొట్టే పని. అదీ చేతులు కలిస్తేనే.

మరి డిజిటల్ వాయిద్యం ఏం చేస్తుంది?

శరీరంలో ఏ భాగం కదిలితే దాన్నే శబ్దంగా మారుస్తుంది. అమెరికా సంగీతకారిణి పౌలిన్ ఒలివెరోస్ బృందం 2007లో మొదలుపెట్టిన ‘ఏయూఎంఐ’ ఇలాంటిదే. కెమెరా ముందు తల కొంచెం తిప్పినా స్వరం పలుకుతుంది. ఇది ఉచితం. బ్రిటన్‌లో తయారైన సౌండ్‌బీమ్ అల్ట్రాసోనిక్ సెన్సర్‌తో పనిచేస్తుంది కానీ, మన బడులు కొనేంత చవక కాదు.

మన్యం బడికి నా ఓటు స్క్రాచ్‌కే. పిల్లలకు కోడింగ్ నేర్పే ఈ ఉచిత యాప్‌ను ట్యాబ్‌లో ఒకసారి వేసుకుంటే, తర్వాత సిగ్నల్ లేకపోయినా నడుస్తుంది. ఇందులో ‘వీడియో సెన్సింగ్’ కెమెరాలో కదలికను గుర్తిస్తుంది. ఊళ్లో తుడుము వాయించే పెద్దాయన్ని పిలిచి నాలుగు దెబ్బలు రికార్డు చేసి అందులో పెట్టండి. ఇక పాప తల ఊపినప్పుడల్లా ఆ ఊరి తుడుమే మోగుతుంది. ఎక్కడిదో పియానో కాదు.

చూపు లేని పిల్లలకు మాత్రం టచ్ స్క్రీన్ కంటే అసలు డప్పే మేలు. నున్నటి గాజు మీద ఏ మీట ఎక్కడుందో వేలికి తెలియదు.

అడిగే హక్కు ఉందా?

ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం-2016లోని 16వ సెక్షన్ చదువుతో పాటు ఆటలు, వినోద కార్యక్రమాల్లోనూ ఇతరులతో సమాన అవకాశం ఇవ్వాలంటోంది. వ్యక్తిగత అవసరాన్ని బట్టి తగిన వెసులుబాటు కల్పించాలనీ అందులోనే ఉంది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్లు ధ్రువీకరణ ఉంటే సహాయక పరికరాలను 18 ఏళ్ల వరకు ఉచితంగా ఇవ్వాలని 17వ సెక్షన్ చెబుతోంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్షలో ఒక్కొక్కరికి ఏడాదికి రూ.3,500 వరకు కేటాయింపు ఉంటుంది.

ఎవరిని అడగాలి?

ముందు హెడ్‌మాస్టర్‌ను, తర్వాత మండలంలోని భవిత కేంద్రంలో ఉండే ప్రత్యేక ఉపాధ్యాయులను. దరఖాస్తు రాతపూర్వకంగా ఇవ్వండి. ‘సంగీతం కావాలి’ అని వదిలేయకుండా ‘మెడ మాత్రమే కదులుతుంది, కెమెరా ఉన్న ట్యాబ్, స్టాండ్, స్పీకర్ కావాలి’ అని రాయండి. స్టాండ్‌ను చాలామంది మర్చిపోతారు. ట్యాబ్ కదిలితే కెమెరా దాన్నీ కదలికగానే లెక్కేసి తుడుము ఆగకుండా మోగిస్తుంది. ప్రభుత్వం ఇచ్చిన ట్యాబ్‌లో కొత్త యాప్ వేయాలన్నా బడి ద్వారానే వెళ్లండి.

ఇంకొకటి. 9 నుంచి 12 తరగతులకు 2015 నుంచి జరుగుతున్న కళా ఉత్సవ్‌లో దివ్యాంగ విద్యార్థులూ పాల్గొనవచ్చు. అయితే గత మార్గదర్శకాల్లో ఎలక్ట్రానిక్, ప్రోగ్రామ్డ్ వాయిద్యాలకు అనుమతి లేదని రాశారు. మీ పిల్లలను పంపాలనుకుంటే ఆ ఏడాది సర్క్యులర్ చూసి, పోటీకి ముందే 16వ సెక్షన్ ప్రస్తావిస్తూ మినహాయింపు కోరండి. వేదిక దగ్గరికి వెళ్లాక అడిగితే ఆలస్యమైపోతుంది.