పొట్ట కింది మరకలు

చిన్న విమానాన్ని కడగమంటే ఎవరైనా రెక్కల మీద నీళ్లు కుమ్మరించడంతో మొదలుపెడతారు. చేయి తిరిగిన మెకానిక్ అలా చేయడు. బకెట్టు పక్కన పెట్టి, టార్చిలైటుతో విమానం కింద వెల్లకిలా పడుకుంటాడు. ఆయనకు కావలసిన సమాచారమంతా ఆ మురికిలోనే ఉంది. సబ్బు తగిలిందంటే అది కొట్టుకుపోతుంది.

సెస్నా 172 సంగతే చూద్దాం. 1956 నుంచి అమ్ముడవుతున్న ఈ నాలుగు సీట్ల విమానాలు ఇప్పటికి 44,000కు పైగా తయారయ్యాయి. ఇంత పెద్ద సంఖ్యలో తయారైన విమానం ప్రపంచంలో మరొకటి లేదు. హైదరాబాదు శివార్లలో నాదర్‌గుల్ మీద తిరిగే శిక్షణ విమానాలను చూసినవాళ్లకు ఈ కోవ విమానాలు కొత్త కాదు.

దీని పొట్ట కింద ఇంజన్ దగ్గర్నుంచి తోక వైపు సాగే జిడ్డు చార కొంతవరకు మామూలే. ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే గొట్టం కాస్త నూనె కూడా చిమ్ముతుంది. చార ఎప్పటికన్నా చిక్కబడితే మాత్రం ఆరా తీయాలి. పొగగొట్టం వెనక పేరుకునే బూడిదరంగు మడ్డి సీసానిది. ఈ ఇంజన్లు వాడే 100ఎల్ఎల్ పెట్రోలులో ఇప్పటికీ సీసం ఉంటుంది. అది సిలిండర్లలో అంటుకుపోకుండా ఒక బ్రోమిన్ రసాయనం కూడా కలుపుతారు. రెండూ పొగతో బయటపడి రేకు మీద దిగుతాయి, తేమ తోడైతే అల్యూమినియాన్ని మెల్లగా తింటాయి. విమానాన్ని కడిగేది అందం కోసం కన్నా ఇందుకే. ఇక నీలం మరక కనబడితే ఎక్కడో పెట్రోలు కారుతున్నట్టే. ఈ పెట్రోలుకు నీలం రంగు వేసేది గుర్తుపట్టడానికే.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది రివెట్ల వెనక. రివెట్టు తల నుంచి గాలి వాలుకు తోకచుక్కలా సన్నటి నల్లచార కనిపిస్తుంది. రివెట్టు వదులైపోయి, రేకు కదిలినప్పుడల్లా ఒరుసుకుని రాలిన అల్యూమినియం పొడి అది. మెకానిక్కులు 'స్మోకింగ్ రివెట్' అంటారు. గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, మళ్లీ ఎగిరేదాకా ఆ ఆనవాలు దొరకదు.

ముందు అద్దం గాజుది కాదు, యాక్రిలిక్. ఇంట్లో అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రావకం, పెట్రోలు, అసిటోన్, ఆల్కహాలు ఏది తగిలినా అందులో వెంట్రుకల్లాంటి పగుళ్లు పుడతాయి. ఎండకు ఎదురుగా దిగేటప్పుడు ఆ పగుళ్లన్నీ ఒక్కసారిగా మెరుస్తాయి, రన్‌వే కనబడదు. పొడిగుడ్డతో రుద్దినా ముప్పే. ఇసుకరేణువులు గీతలు పెడతాయి, పైగా రాపిడికి పుట్టిన స్థిరవిద్యుత్తు మరింత దుమ్మును లాక్కుంటుంది. ముందు నీళ్లు ధారగా వదిలి, ఉంగరాలు తీసేసిన ఉత్త చేత్తో తడిమి మట్టి వదిలించాలి. గుడ్డ వంతు ఆ తర్వాతే.

ప్రొపెల్లర్ నిమిషానికి 2,700 చుట్లు తిరిగేటప్పుడు దాని కొస సెకనుకు 270 మీటర్లకు పైగా వేగంతో పోతుంది. రాయి తగిలి పడిన చిన్న నొక్కు దగ్గర ఒత్తిడంతా పోగుపడి పగులు మొదలవుతుంది, అందుకే తుడిచేటప్పుడు అంచు వెంబడి వేలు నడపాలి. తాళంచెవి తీసేశాం కదా అని ధీమా పడకూడదు. మాగ్నెటో తనంతట తానే నిప్పురవ్వ పుట్టిస్తుంది, స్విచ్ దాన్ని భూమి తీగకు కలిపి ఆపుతుంది. ఆ తీగ తెగిందా, చేత్తో తిప్పినా ఇంజన్ అందుకోవచ్చు.

నీళ్లు పోయకూడని రంధ్రాలు కొన్నున్నాయి. ఎత్తు కొలిచే యంత్రం నిజానికి బారోమీటరే. విమానం పక్కన ఉన్న చిన్న రంధ్రం ద్వారా బయటి గాలి ఒత్తిడి దానికి అందుతుంది. కడిగేటప్పుడు దాన్ని మూస్తారు. తెరవడం మరిచిపోతే ఏమవుతుందో 1996 అక్టోబరు 2న తెలిసింది. పెరూ రాజధాని లిమా నుంచి అర్ధరాత్రి దాటాక బయల్దేరిన ఏరోపెరూ బోయింగ్ 757కు ఈ రంధ్రాల మీద అంటించిన టేపు అలాగే ఉండిపోయింది. వెండిరంగు రేకు మీద వెండిరంగు టేపు. వేగం మరీ ఎక్కువైందని ఒక హెచ్చరిక, మరీ తగ్గిందని ఇంకొక హెచ్చరిక కలిసి మోగాయి. పైలట్లు కంట్రోల్ టవర్‌ను ఎత్తు అడిగారు. టవర్‌కు ఆ అంకె చేరేది విమానం పంపే సంకేతం నుంచే, కాబట్టి అదీ తప్పే. పసిఫిక్‌లో పడి 70 మందీ చనిపోయారు. ఆ టేపు కళ్లకు కొట్టొచ్చే రంగులో ఉండి తీరాలని, ఎన్ని అంటించామో రాసి పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

వేగం కొలిచే పిటాట్ గొట్టానికి మరో శత్రువు కందిరీగ. ఆగి ఉన్న విమానంలో మట్టిగూడు కట్టేస్తుంది. అందుకే కడగడం అయ్యాక దానికి ఎర్ర రిబ్బను వేలాడే తొడుగు వేస్తారు. ఎడమ రెక్క అంచున ఇంకో చిన్న రంధ్రం ఉంది, రెక్క పట్టు తప్పబోతుంటే కూత పెట్టేది. అది పనిచేస్తోందో లేదో చూడడానికి సెస్నా చెప్పే పద్ధతి ముచ్చటగా ఉంటుంది: శుభ్రమైన రుమాలు అడ్డం పెట్టి నోటితో గాలి పీల్చాలి, కూత వినబడాలి.

ప్రెషర్ పంపుతో కడిగితే పని త్వరగా అవుతుంది కానీ చక్రాల బేరింగుల్లో గ్రీజు కొట్టుకుపోతుంది. రెక్కల వెనక కదిలే పలకలకు అడుగున ఉన్న చిల్లులు పూడిపోతే నీరు లోపలే నిలిచి, వాటి బరువు తూకం చెడి, గాల్లో అదురు పుట్టవచ్చు. ఆఖరుగా ట్యాంకుల అడుగు నుంచి గాజుగొట్టంలోకి పెట్రోలు తీసి చూడాలి. నీరు బరువు కాబట్టి కింద రంగులేని పొరగా విడిపోతుంది. అది పోయేదాకా తీస్తూనే ఉండాలి. ఎంతకీ పోకపోతే ట్యాంకు మూత కింది రబ్బరు చుట్టను చూడాలి, ఆ పూట విమానం ఎగరకూడదు.