లారీలు రాని దారిలో సైకిలు



మన ఓ.పి.లో షుగరు, బి.పి. ఉన్నవారికి రోజూ చెప్పే మాట "నడవండి" అని. చెప్పడం సులువే. గనిలో పాతికేళ్లు, ముప్పయ్యేళ్లు పనిచేసి దిగిపోయినవారిలో ఎంతోమందికి మోకాళ్లు అరిగిపోయి ఉంటాయి. గత సంవత్సరం అలాంటి పెద్దాయన ఒకరు నా బల్ల ముందు కూర్చుని, "సిస్టరమ్మా, నడువుమంటరు గని రెండు సందులు దాటంగనే మోకాళ్లు పీకుతున్నయ్, ఏం జెయ్యాలె?" అన్నారు. ఆయన డ్యూటీలో ఉన్నన్నాళ్లు ఫస్ట్ షిఫ్టుకైనా, నైట్ షిఫ్టుకైనా సైకిలు మీదే పోయేవారు. ఆ సైకిలు ఇంకా ఇంటి వెనక గోడకు ఆనించి ఉందట. "అయితే దాన్నే దులిపి బయటికి తీయండి" అన్నాను. ఆ సలహా సగమే సరైనది. మిగతా సగం ఎక్కడ తప్పానో తరువాత చెబుతాను.

నడిచేటప్పుడు ఒంటి బరువంతా మోకాళ్ల మీద పడుతుంది. సైకిలు మీద ఆ బరువులో పెద్ద భాగాన్ని సీటు మోస్తుంది. కీలు మడుస్తూ చాస్తూ ఉంటుంది కానీ దెబ్బ తగలదు. తొడ కండరాలు గట్టిపడితే మోకాలికి ఆసరా పెరుగుతుంది. ఇక షుగరు సంగతి. పనిచేస్తున్న కండరం రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే లాక్కుంటుంది. సైకిలు దిగిన తరువాత కూడా కొన్ని గంటలపాటు ఈ పని సాగుతూనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరం. అంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంత ఆయాసం చాలు.

మరి ఎక్కడ తొక్కాలి? మంచిర్యాల నుంచి మందమర్రి, బెల్లంపల్లి మీదుగా మహారాష్ట్ర వైపు పోయే హైవే మీద మాత్రం వద్దు. బొగ్గు టిప్పరు పక్కనుంచి పోతే ఆ గాలికే సైకిలు తూలుతుంది, పొగ, దుమ్ము వేరే. మనకు వేరే దారులు ఉన్నాయి. ఊళ్ల మధ్య మొరం రోడ్లు, పొలాలకు పోయే బండ్ల బాటలు, బొక్కలగుట్ట నుంచి గాంధారి ఖిల్లా వైపు అడవి అంచున పోయే బాట, మంచిర్యాల దగ్గర గోదావరిలో కలిసే రాళ్లవాగు వెంబడి డొంకలు. తెల్లవారుజామున వీటి మీద ఎడ్లబండో, మేకల మందో తప్ప ఏమీ ఎదురుకాదు. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు కట్టారు, పైన సోలార్ పలకలతో కప్పు కూడా వేశారు. మంచిదే. కానీ చాలామంది అక్కడికి కారులో సైకిలు పెట్టుకుని పోవాలి. మనకు గడప దాటితే చాలు.

అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గర ఉండే మా బంధువుల అమ్మాయి చెప్పిన సంగతి మన బొగ్గు ఊళ్లవారికి నచ్చుతుంది. అది కూడా బొగ్గు, ఉక్కు దేశమే. గనులు, మిల్లులు మూతపడ్డాక అక్కడి రైలు లైన్లు కొన్ని పనికిరాకుండా పోయాయి. వాటి పట్టాలు తీసేసి, సన్నగా నలిపిన సున్నపురాయి పరిచి, మోటారు బండ్లు రాని బాట చేశారు. 1986లో మొదటి ముక్క తెరిచారు, పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ వరకు 150 మైళ్లు, అంటే సుమారు 240 కిలోమీటర్లు, పూర్తయ్యేసరికి 2013 అయింది. కొండలు, అడవులు, నదీ లోయల గుండా పోతుంది. రైలు కోసం వేసిన దారి కనుక ఎత్తులు నెమ్మదిగా ఉంటాయి, ముసలివాళ్లూ తొక్కగలరు. మన దగ్గర గనులు మూసినప్పుడల్లా ఎవరైనా ఇలాంటి ఆలోచన చేస్తే బాగుండునని నాకు అనిపిస్తుంది.

రాళ్ల దారి మీద తొక్కడం తారురోడ్డు మీద తొక్కినట్టు కాదు. ముందు సీటు ఎత్తు చూసుకోండి. సీటు మీద కూర్చుని, అడుగున ఉన్న పెడలు మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా చాచుకోవాలి. మనవాళ్లు చాలామంది కాళ్లు నేలకు అందాలని సీటు దించుకుంటారు, మోకాలి నొప్పికి సగం కారణం అదే. టైర్లలో గాలి తారురోడ్డుకు పెట్టినంత గట్టిగా వద్దు, కొద్దిగా మెత్తగా ఉంటే చక్రం గులకరాళ్ల మీద ఎగరదు. మరీ తగ్గిస్తే రాయి తగిలి ట్యూబు పోతుంది. హ్యాండిల్‌ను గట్టిగా బిగించి పట్టుకుంటే అదురుకు అరచేయి తిమ్మిరెక్కి చిటికెన వేలు మొద్దుబారుతుంది, కనుక చేతులు కొద్దిగా వదులుగా, మోచేతులు కొద్దిగా వంచి ఉంచండి. మలుపులో బ్రేకు వేయకండి. మలుపుకు ముందే వేగం తగ్గించాలి. కమ్మీల బ్రేకులున్న పాత సైకిళ్లు తడిసిన ఇనుప రిమ్ము మీద సరిగా ఆగవు. ఎలాగూ వానాకాలంలో నల్లరేగడి దారుల జోలికి పోకండి, మట్టి చక్రానికి పట్టి మోసుకుని రావలసి వస్తుంది.

ఇప్పుడు నా తప్పు. ఆ పెద్దాయన నేను చెప్పినట్టే ఉదయం ఐదున్నరకు, మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా అడవి అంచున బాట పట్టారు. ఏం మాత్ర వాడుతున్నారో, ఎప్పుడు తింటారో నేను అడగలేదు. నాలుగైదు కిలోమీటర్లు పోయేసరికి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. ఫోనుకు సిగ్నలు లేదు, దుకాణం లేదు. మేకలు కాసే కుర్రవాడు చూసి తన చాయ్ సీసాలోది తాగించబట్టి తేరుకున్నారు. ఆ చాయ్‌లో చక్కెర బాగా వేసి ఉండడం ఆయన అదృష్టం. లారీలు రాని దారి అంటే సాయం రాని దారి కూడా అని ఆ రోజు నాకు అర్థమైంది.

గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారికి ఈ ప్రమాదం ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చాలా తక్కువ. మాత్రలు మీ అంతట మీరు మానకండి. కొద్దిగా తిని బయలుదేరండి, జేబులో చక్కెర పొట్లం పెట్టుకోండి. వణుకు మొదలైతే వెంటనే దిగి, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి పావుగంట కూర్చోవాలి. తగ్గకపోతే మళ్లీ తాగాలి, తరువాత ఏదైనా తినాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి చేర్చాలి. ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. ఒక తోడు ఉంటే ఇంకా మంచిది.

పడితే గాయంలో రాళ్లు, మట్టి దిగుతాయి. పాత గని కార్మికుల చేతుల మీద, నుదుటి మీద నీలం మచ్చలు చూశారు కదా. దెబ్బలో చిక్కిన బొగ్గు పొడిని కడగకుండా వదిలేస్తే చర్మం దాని మీదే మూసుకుపోయి అలా మిగిలిపోతుంది. మొరం కూడా అంతే. ధారగా పారే నీటితో, సబ్బుతో, కొద్దిగా నొప్పి పెట్టినా సరే, మట్టి పోయేదాకా కడగండి. పసుపు, కాఫీ పొడి వద్దు. ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే ఆ రోజే రండి. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవారు చెప్పులతో కాదు, బూట్లతో తొక్కాలి. ఇంటికి రాగానే బూట్లు విప్పి, లోపల గులకరాయి ఉందేమో, పాదం కమిలిందేమో చూసుకోవాలి.

ఛాతీ నొప్పి వచ్చినవారు, దుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతిన్న గని కార్మికులు డాక్టరు గారికి చూపించుకోకుండా మొదలుపెట్టవద్దు.

అడవి లోపలికి పోకండి. కవ్వాల్ 2012 నుంచి పులుల అభయారణ్యం. 2020 నవంబరులో పక్కనే ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు పులి దాడిలో చనిపోయారు. తెల్లవారి వెలుతురు వచ్చాకే బయలుదేరాలి. అలాగే పాత భూగర్భ గనుల పైన నేల కుంగే చోట్లు ఉంటాయి. కంచె వేసిన చోట, బోర్డు పెట్టిన చోట దగ్గరిదారి అని దూరకండి.

ఆ పెద్దాయన సైకిలు మానలేదు. ఇప్పుడు ఇడ్లీ తిని, చీకటి పోయాక, పక్కింటి స్నేహితుడితో కలిసి వెళుతున్నారు. డాక్టరు గారు మాత్ర మోతాదు మార్చారు. షుగరు కొంత తగ్గింది, అందులో రాత్రి అన్నం తగ్గించినందుకూ వాటా ఉంది. హ్యాండిల్‌కు చిన్న సంచి వేలాడుతూ ఉంటుంది, అందులో చక్కెర పొట్లం, మాత్రల చీటీ.

మీరు మొదలుపెట్టాలనుకుంటే మీ మందుల చీటీ తీసుకుని ముందు ఓ.పి.కి రండి. ఈసారి అన్నీ అడిగే పంపిస్తాను.