బేలు పేరు ఒక్కటే, తూకాలు వేరు
పత్తి బజారులో ‘బేలు’ అనే ఇంగ్లీషు మాటకు తూకం ఒక్కటి కాదు. మన లెక్కల్లో దూది బేలు అంటే 170 కిలోలు; అమెరికా వ్యవసాయ శాఖ అంచనాలలో 480 పౌన్లు, అనగా సుమారు 218 కిలోలు. వారు 100 లక్షల బేళ్లంటే మన లెక్కకు 128 లక్షలు. ఇది గమనించక, భారత పంట తగ్గిందనుకొని సరుకు బిగబట్టిన వ్యాపారి చేతులు కాల్చుకోవలసిందే. జనపనార బేలు మళ్లీ వేరు, 180 కిలోలు.

ప్రెస్సు నుంచి దిగిన దూది బేలు కూడా కచ్చితంగా 170 తూగదు. అందుకే బిల్లు అసలు తూకం మీద పడుతుంది. ధర చెప్పేది మాత్రం క్యాండీకి, అంటే సుమారు 356 కిలోలకు. క్యాండీ అంటే రెండు బేళ్లే కదా అని నోటి లెక్క వేసేవారికి క్యాండీకి 16 కిలోలు తేడా వస్తుంది.