కడియం వెళ్ళే ముందు ఇంటి మీద ఎండ చూసుకోవాలి

విజయవాడ నుంచి రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళే కారు కడియపులంక దగ్గర ఆగకుండా పోవడం కష్టం. రోడ్డుకు రెండు వైపులా ఎక్కడ చూసినా మొక్కలే. దిగేటప్పుడు రెండు గులాబీలు తీసుకుందామనే అనుకుంటారు. తిరిగి ఎక్కేటప్పటికి డిక్కీ నిండిపోయి, పిల్లల కాళ్ళ దగ్గర కూడా కవర్లు చేరతాయి. వేసవి వచ్చేసరికి చాలా ఇళ్ళలో ఆ కుండీలు ఖాళీ. అప్పుడు ఇంట్లో వాళ్ళు "మా చేతికి మొక్క రాదు" అని సరిపెట్టుకుంటారు.

తప్పు చేతిది కాదు. చాలాసార్లు మొక్కకూ ఇంటికీ పొత్తు కుదరకపోవడమే కారణం. ముస్లిం నాటిన చెట్టు నుంచి మనిషి, పక్షి, పశువు ఏది తిన్నా అది నాటినవారికి సదఖా అవుతుందని ప్రవక్త (స) బోధించినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. అందుకే మన ఇళ్ళలో మొక్క కొనడం సరదా పని మాత్రమే కాదు. నాటినది బతికేలా చూడటం కూడా అందులో భాగమే. ఆ పని నర్సరీలో కాదు, ఇంటి దగ్గరే మొదలవుతుంది.

బయలుదేరే ముందు ఒక సెలవు రోజున డాబా మీద, వరండాలో, వాకిట్లో ఎండ ఎన్ని గంటలు పడుతుందో చూసి రాసుకోవాలి. ఆరు గంటలకు పైగా ఎండ ఉంటే పండ్ల మొక్కలు, గులాబీ, మల్లె పెట్టుకోవచ్చు. రెండు మూడు గంటలే ఉంటే మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ లాంటి ఆకు మొక్కలే నయం. పక్కింటి గోడ నీడలో ఉన్న వరండాకు దానిమ్మ తెస్తే అది ఆకులతోనే ఆగిపోతుంది.

ముందు తోట, తర్వాత నర్సరీ

నర్సరీలో మొక్కలన్నీ మూరెడు ఎత్తులోనే ఉంటాయి. పదేళ్ళ తర్వాత అది ఎంత చెట్టు అవుతుందో కవర్లో కనిపించదు. ఆ సంగతి పాత తోటలు చెబుతాయి.

హైదరాబాద్‌లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ఉంది. పెద్దవాళ్ళు దాన్ని ఇప్పటికీ బాగ్-ఎ-ఆమ్ అంటారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కట్టించిన షాహీ మసీదు అక్కడే ఉంది కాబట్టి అసర్ నమాజు చదువుకుని, కుటుంబంతో ఒక గంట చెట్ల కింద తిరగవచ్చు. అనంతపురం, హిందూపురం, చిత్తూరు వైపు వాళ్ళకు బెంగళూరు లాల్‌బాగ్ దగ్గర. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన ఈ తోటను టిప్పు సుల్తాన్ దూర దేశాల మొక్కలు తెప్పించి పెంచాడు. ఇప్పుడది సుమారు 240 ఎకరాలు. చాలా చెట్లకు పేరు పలకలు ఉంటాయి. పిల్లలతో ఆ పేర్లు చదివిస్తూ నడిస్తే ఏ చెట్టు ఎంత వెడల్పు పరుచుకుంటుందో, దేని వేళ్ళు నేల పైకి లేస్తాయో కళ్ళారా తెలుస్తుంది. గణతంత్ర దినోత్సవం, స్వాతంత్ర్య దినోత్సవం సమయాల్లో జరిగే పూల ప్రదర్శనకు జనం విపరీతంగా వస్తారు. నింపాదిగా చూడాలంటే ఆ రోజులు తప్పించుకోవడం మేలు.

ఇలా చూడకుండా నాటితే ఏమవుతుందో కోనోకార్పస్ మొక్క చూపించింది. త్వరగా పెరుగుతుంది, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, పశువులు ముట్టవు. అందుకే రోడ్ల మధ్య, కాంపౌండ్ గోడల వెంట వేలం వెర్రిగా నాటారు. తర్వాత వేళ్ళు నీటి పైపుల్లో, డ్రైనేజీల్లో దూరుతున్నాయని, పుప్పొడి వల్ల అలర్జీ వస్తోందని ఫిర్యాదులు వచ్చాయి. తెలంగాణలో దీన్ని నాటవద్దన్నారు. 2023లో గుజరాత్ ప్రభుత్వం కూడా నిషేధించింది. త్వరగా పెరిగేదంతా మంచిది కాదు.

కడియంలోనే ఇన్ని నర్సరీలు ఎందుకు?

కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి ఊళ్ళన్నీ గోదావరి తెచ్చిన ఒండ్రు నేల మీద ఉన్నాయి. 1847-1852 మధ్య సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక కాలువల నీళ్ళు అందాయి. సారవంతమైన నేల, నీళ్ళు, గాలిలో తేమ, తరతరాలుగా అంటు కట్టే పనివాళ్ళు, పక్కనే జాతీయ రహదారి. ఇవన్నీ కలవడంతో ఇక్కడి మొక్కలు లారీల్లో దేశమంతా వెళుతున్నాయి.

అసలు చిక్కు కూడా ఇక్కడే ఉంది. గోదావరి గాలిలో, నీడ వలల కింద, రోజూ నీళ్ళు తాగుతూ పెరిగిన మొక్క ఒక్క రాత్రిలో హైదరాబాద్ డాబా మీదికో, కర్నూలు ఎండలోకో వచ్చి పడుతుంది. పొడి గాలికి అలవాటు పడేలోపే ఆకులు రాలిపోతాయి. దీనికి మందు ఓపికే. ఇంటికి తెచ్చాక వారం పది రోజులు నీడలో ఉంచి, తర్వాత పొద్దుటి ఎండ, ఆ తర్వాత పూర్తి ఎండ చూపించాలి.

జైతూన్, ఖర్జూరం, అంజీర్, దానిమ్మ

ఖుర్ఆన్‌లో ప్రస్తావించిన మొక్క ఒక్కటైనా ఇంట్లో ఉండాలని చాలామంది కోరిక. కోరిక మంచిదే, కానీ నాలుగూ ఒకేలా పెరగవు.

జైతూన్ పూత పూయాలంటే చలికాలంలో బాగా చల్లదనం కావాలి. మన మైదాన ప్రాంతాల్లో అంత చలి ఉండదు. అందం కోసం కుండీలో పెంచుకోవచ్చు. కాయలు కాస్తాయన్న మాట మీద ఎక్కువ ధర పెట్టవద్దు.

ఖర్జూరంలో మగ చెట్టు, ఆడ చెట్టు వేరు. ఇఫ్తార్‌లో తిన్న పండు గింజ నాటితే మొలుస్తుంది, కానీ అలా మొలిచినవాటిలో దాదాపు సగం మగవే. ఏది ఏదో పూత వచ్చేదాకా, అంటే కొన్నేళ్ళ దాకా, తెలియదు. ఆడ మొక్క ఖాయంగా కావాలంటే మంచి ఆడ చెట్టు పిలక గాని, టిష్యూ కల్చర్ మొక్క గాని తీసుకోవాలి. పైగా కాయ పండే సమయంలో వానలు పడితే పాడవుతుంది. కోస్తా కంటే అనంతపురం లాంటి పొడి ప్రాంతాలే దీనికి నయం. డాబా మీద కుండీలో పెంచే చెట్టు కాదిది.

దానిమ్మకు కూడా పొడి వాతావరణమే ఇష్టం. తేమ ఎక్కువైతే మచ్చ తెగులు వస్తుంది, నీళ్ళు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ పోస్తే కాయ పగులుతుంది. ఎండ ఉన్న చోట పెద్ద కుండీలో పెంచవచ్చు.

కుండీకి బాగా కుదిరేది అంజీర్. కొమ్మతోనే కొత్త మొక్క వస్తుంది, కాపు కూడా త్వరగానే మొదలవుతుంది. పండ్లు పక్షులకు ఇష్టం కాబట్టి ఇంట్లో వాళ్ళకు తక్కువ మిగిలినా సదఖా మాత్రం మిగులుతుంది. వీటితో పాటు ఒక గోరింటాకు కొమ్మ నాటుకుంటే ఈద్ ముందు రోజు కోన్ల కోసం బజారుకు పోయే పని తగ్గుతుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి

మామిడి అయితే అంటు మొక్కే తీసుకోవాలి. కాండం మీద మట్టికి కాస్త పైన అతుకు గుర్తు కనిపించాలి. ఆ గుర్తు కింద నుంచి వచ్చే చిగుళ్ళు నాటు మొక్కవి కాబట్టి ఎప్పటికప్పుడు గిల్లేయాలి. కాండాన్ని మెల్లగా కదిపితే మట్టిలో వదులుగా ఊగుతోందంటే నేల నుంచి తీసి ఈమధ్యే కవర్లో పెట్టారని అర్థం. ఆకు తిప్పి అడుగున పిండినల్లి తెల్లగా అంటుకుని ఉందేమో చూడాలి. ఒక్క మొక్కకు ఉన్నా ఇంట్లో మిగతావాటికి పాకుతుంది. గులాబీలో విరగబూసిన దానికంటే మొగ్గలున్నది మేలు.

నర్సరీ వాళ్ళను ధర ఒక్కటే అడిగి వదలకూడదు. "ఇది ఎండలో పెంచారా, వల కిందా?" అని కూడా అడగాలి. ఇంటికెళ్ళాక ఎన్ని రోజులు నీడలో ఉంచాలో ఆ జవాబే చెబుతుంది.

దారి, నమాజు, డిక్కీ

హైదరాబాద్ నుంచి రాజమండ్రి సుమారు 420 కిలోమీటర్లు. ఏలూరు దాటాక ఫోన్లో మ్యాప్ కొవ్వూరు దారి చూపించవచ్చు. ఆ దారిలో వెళితే కడియపులంక తగలదు. తణుకు, రావులపాలెం మీదుగా వెళ్ళి, గౌతమి వంతెన, జొన్నాడ దాటితే నర్సరీలు మొదలవుతాయి. వానలు మొదలయ్యాక జూలై నుంచి ఫిబ్రవరి వరకు వెళ్ళవచ్చు. మే నెల మాత్రం వద్దు, కారులోనే మొక్కలు వాడిపోతాయి.

ఇంత దూర ప్రయాణంలో జుహర్, అసర్, ఇషా ఫర్జ్ నాలుగు రకాతుల బదులు రెండు చదువుతారు. ఫజర్, మగ్రిబ్ మారవు. ముసల్లా, వుజూకు నీళ్ళ క్యాన్ కారులో పైకి అందేలా ఉండాలి. తిరుగు ప్రయాణంలో వాటి మీద మొక్కలు పేర్చేస్తే దించడం కష్టం. శుక్రవారమైతే జుమా ఎక్కడ చదవాలో ముందే అనుకోవాలి.

మొక్కలను అన్నీ చూశాక, బయలుదేరే ముందే కొనాలి. నిలబెట్టి, కవర్ల మధ్య పాత వార్తాపత్రికలు కుక్కితే పడిపోవు. కారు పైన కట్టకూడదు. గాలి వేగానికి ఆకులు ఎండిపోతాయి. భోజనానికి ఆగితే కారు నీడలో పెట్టి అద్దాలు కాస్త దించాలి.

ఇంటికి వచ్చాక

వచ్చిన రోజే కుండీ మార్చాలన్న తొందర వద్దు. వారం ఆగి, సాయంత్రం పూట, వేళ్ళ చుట్టూ మట్టి ముద్ద విడిపోకుండా మార్చాలి. కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి. వేలు మట్టిలో దూర్చి తడి తగిలితే ఆ రోజు నీళ్ళు అక్కర్లేదు. కుండీ మొక్కలు ఎండకే కాదు, అతి నీళ్ళకు వేళ్ళు కుళ్ళి కూడా పోతాయి.

నీటి ఎద్దడి ఉండే బస్తీల్లో వుజూ నీళ్ళను ఒక తొట్టిలో పట్టుకుంటే చాలు. అందులో సబ్బు ఉండదు కాబట్టి మొక్కలకు నిశ్చింతగా పోయవచ్చు. నలుగురున్న ఇంట్లో ఐదు పూటల నీళ్ళు అయిదారు కుండీలకు సరిపోతాయి. అందుకే కడియంలో లెక్క డిక్కీని బట్టి వేసుకోకూడదు. ఇంటి ఎండ, ఇంటి నీళ్ళు ఎన్నింటిని పోషించగలవో అన్నే తేవాలి.