పరిశోధనగ్రంథములందు చిత్రశీర్షికలు – చిత్రానుక్రమణి

తాళపత్రప్రతుల ఛాయాచిత్రములు, శాసనముల ప్రతికృతులు, పద్మచక్రాది బంధముల రేఖాచిత్రములు నేటి సిద్ధాంతగ్రంథములలో విరివిగా చేరుచున్నవి. మాఘుని శిశుపాలవధమునందలి 19వ సర్గను గాని, భారవి కిరాతార్జునీయమునందలి 15వ సర్గను గాని పరిశీలించు గ్రంథమునకు చిత్రములు అలంకారములు కావు, ప్రమాణములు. పాఠభేదనిరూపణమునకై పరిశోధకుడు చూపిన సంఖ్య పాఠకుని వేరొక పత్రమునకు గొనిపోయినచో వాదమే నిరాధారమగును.

ఈ అవసరము మన సంప్రదాయమునకు క్రొత్తది కాదు. కాత్యాయనుని సర్వానుక్రమణి ఋగ్వేదసూక్తములకు ప్రతీకమును, ఋక్సంఖ్యను, ఋషిదేవతాచ్ఛందస్సులను వరుసగా చెప్పినది. చిత్రమునకు శీర్షిక ప్రతీకము వంటిది. శీర్షికల సంగ్రహమే చిత్రానుక్రమణి.

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో చిత్రమును ఎంచుకొని, 'రిఫరెన్సెస్' విభాగమునందలి 'ఇన్సర్ట్ క్యాప్షన్'ను నొక్కవలెను. 'న్యూ లేబుల్' ద్వారా 'చిత్రము' అను సంజ్ఞను చేర్చుకొనవచ్చును. ఒక్కొక్క సంజ్ఞకు వేర్వేరు సంఖ్యాక్రమము నడచును. కావున ఒకచోట 'చిత్రము' అనియు, వేరొకచోట 'చిత్రం' అనియు సంజ్ఞ చేసినచో రెండు వరుసలు ఏర్పడి, రెండును 1తోనే ఆరంభమగును.

ఇట్లు చేరిన సంఖ్య యంత్రము లెక్కించి నిలిపినది. చేతితో టైపు చేసిన సంఖ్య కంటికి అట్లే కనబడినను లెక్కకు రాదు. శీర్షికలన్నియు చేరిన పిదప 'ఇన్సర్ట్ టేబుల్ ఆఫ్ ఫిగర్స్' నొక్కి, సంజ్ఞను ఎంచుకొన్నచో పుటసంఖ్యలతో అనుక్రమణి సిద్ధించును. శీర్షిక ఉన్న పేరా యంతయు అనుక్రమణిలోనికి పోవును. కనుక భాండాగారము, ప్రతిసంఖ్య మొదలగు ఆకరవివరములను దాని క్రింద వేరు పేరాగా వ్రాయుట మేలు. 'చిత్రము 7: 23వ పత్రము, రెండవ పార్శ్వము' అనునంతయే శీర్షికకు చాలును.

గ్రంథమధ్యమున చిత్రమును పేర్కొనునపుడు 'క్రాస్ రిఫరెన్స్'ను వాడి, సంజ్ఞను, సంఖ్యను మాత్రమే గ్రహింపవలెను. యంత్రము విభక్తి నెఱుగదు. 'చిత్రము 7' అనియే ప్రథమాంతముగా నిలుపును. కావున వాక్యమును ముగించి, దానిని కుండలీకరణములలో ఉంచినచో అన్వయము చెడదు.

అధ్యాయములను మార్చినను, చిత్రమును తొలగించినను సంఖ్యలు వెంటనే సవరింపబడవు. కంట్రోల్ కీతో 'ఎ'ను నొక్కి సర్వమును ఎంచుకొని, ఎఫ్ 9 కీని నొక్కవలెను. అనుక్రమణి విషయమున పుటసంఖ్యలను మాత్రమే సవరించు పద్ధతి నెంచుకొన్నచో పాత శీర్షికలే మిగులును. 'అప్‌డేట్ ఎంటైర్ టేబుల్' అనుదానినే గ్రహింపవలెను. తొలగిన చిత్రమును పేర్కొన్న చోట్ల 'ఎర్రర్' అను పదముతో దోషసూచన కనబడును. దానిని వెదకి సవరింపవలెను.

సంఖ్యాక్రమము యంత్రాధీనమైనను, ఏ పత్రమునకు ఏ శీర్షిక చెల్లునో నిర్ణయించుట పరిశోధకుని పని. కనుక ముద్రణకు పంపుటకు ముందు అనుక్రమణిని చేతబట్టి, ప్రతి చిత్రమును మాతృకతో ఒకమారు పోల్చి చూచుట తప్పనిసరి.